ఇంటి స్టోరేజ్ సర్వర్‌తో నెట్‌వర్క్, ఫైల్ కాపీ సమస్యలు: తప్పు ఎక్కడుందో తేల్చుకునే పద్ధతి

ఇంట్లో ఒక మూల పెట్టుకున్న స్టోరేజ్ సర్వర్, అది కొని తెచ్చుకున్న నాస్ పెట్టె (నెట్‌వర్క్‌కు తగిలించే డిస్కుల పెట్టె) అయినా, పాత డెస్క్‌టాప్‌లో లినక్స్, ఫైళ్లను అందించే సాంబా అనే ప్రోగ్రామ్ వేసి తయారు చేసుకున్నదైనా, సరిగా పనిచేస్తున్నంత కాలం ఎవరి దృష్టికీ రాదు. ఒకరోజు దాని ఫోల్డర్ తెరుచుకోదు, లేదా పెళ్లి వీడియో కాపీ అవుతూ సగంలో ఆగిపోతుంది. అప్పుడు చాలామంది రౌటర్‌ను ఆపి మళ్లీ వేస్తారు, సర్వర్‌ను రీస్టార్ట్ చేస్తారు, కేబుల్ పీకి మళ్లీ గుచ్చుతారు, సెట్టింగ్‌లలో కనిపించినవన్నీ మార్చి చూస్తారు. నేనూ కొన్నేళ్లు అలాగే చేశాను. ఆ హడావిడిలో సమస్య పోయినా అది దేనివల్ల పోయిందో తెలియదు కనుక, తిరిగి వచ్చినప్పుడు మళ్లీ మొదటి నుంచి వెతుక్కోవాల్సి వస్తుంది.

డేటా నడిచే దారిలో నాలుగు మజిలీలు ఉన్నాయి: మీ కంప్యూటర్, మధ్యలోని వైరు లేదా వై-ఫై, సర్వర్‌లో ఫైళ్లను అందించే ప్రోగ్రామ్, దాని వెనుక ఉన్న డిస్క్. తప్పు ఏ మజిలీలో ఉందో తేలేవరకు దేన్నీ మార్చకూడదు. తేలాక కూడా ఒకసారికి ఒకే మార్పు చేసి, ఫలితం చూసి, తేదీతో సహా ఒక నోటు పుస్తకంలో రాసుకోవాలి. దీనికి ఒక్కటే మినహాయింపు: సర్వర్ నుంచి టకటకమనే శబ్దం వస్తున్నా, డిస్క్ పాడవుతోందన్న హెచ్చరిక కనిపిస్తున్నా, నెట్‌వర్క్ సంగతి పక్కన పెట్టి, అందులో ఉన్న ముఖ్యమైన ఫైళ్లను ముందు వేరే చోటికి చేర్చుకోవాలి.

సర్వర్ అసలు కనిపించనప్పుడు

విండోస్‌లో నెట్‌వర్క్ అనే చోట సర్వర్ పేరు కనిపించనంత మాత్రాన సర్వర్ ఆగిపోయిందని అనుకోకూడదు. సర్వర్ తన పేరును ఇంటి నెట్‌వర్క్‌లో చాటింపు వేస్తే, దాన్ని విన్న కంప్యూటర్ ఆ జాబితాను తయారు చేసుకుంటుంది. చాటింపు వినిపించకపోయినా దారి తెరిచే ఉండవచ్చు. కాబట్టి మొదట పేరును వదిలేసి ఐపీ చిరునామాతో, అంటే నెట్‌వర్క్‌లో ఆ పరికరానికి ఉన్న అంకెల చిరునామాతో, ప్రయత్నించాలి. రౌటర్ సెట్టింగ్‌ల పేజీలో, కనెక్ట్ అయి ఉన్న పరికరాల జాబితాలో అది దొరుకుతుంది. ఉదాహరణకు ఆ చిరునామా 192.168.1.50 అయితే, ఫైల్ ఎక్స్‌ప్లోరర్ పైభాగంలో ఉండే చిరునామా పట్టీలో \\192.168.1.50 అని టైప్ చేయాలి. మ్యాక్‌లో అయితే ఫైండర్‌లోని గో మెనూలో కనెక్ట్ టు సర్వర్ ఎంచుకుని smb://192.168.1.50 అని ఇవ్వాలి.

ఇలా తెరుచుకుంటే సమస్య పేరుకు మాత్రమే పరిమితం. రౌటర్‌లో డీహెచ్‌సీపీ (పరికరాలకు చిరునామాలు పంచే ఏర్పాటు) రిజర్వేషన్ పెట్టి సర్వర్‌కు ఎప్పుడూ ఒకే చిరునామా వచ్చేలా చేసి, ఆ చిరునామాతోనే డ్రైవ్‌ను మ్యాప్ చేసుకుంటే ఇంటికి సరిపోతుంది. రిజర్వేషన్ లేని ఇంట్లో కరెంటు పోయి వచ్చాక రౌటర్ సర్వర్‌కు వేరే అంకె ఇవ్వవచ్చు. నిన్నటిదాకా పనిచేసిన డ్రైవ్ మీద ఈరోజు ఎర్ర గుర్తు కనిపించడానికి తరచుగా ఇదే కారణం.

ఐపీ చిరునామాతో కూడా తెరుచుకోకపోతే, కమాండ్ ప్రాంప్ట్‌లో ఆ చిరునామాకు పింగ్ (అవతలి పరికరం పలుకుతుందా అని పిలిచి చూసే కమాండ్) ఇవ్వాలి. జవాబు రాకపోతే మీ కంప్యూటర్ చిరునామాను చూడండి. అది 169.254తో మొదలైతే, కంప్యూటర్‌కు రౌటర్ నుంచి చిరునామా అందలేదని, దానంతట అదే ఒకటి పెట్టుకుందని అర్థం; అప్పుడు వెతకవలసింది కేబుల్‌లోనో, రౌటర్‌లోనో తప్ప సర్వర్‌లో కాదు. చిరునామా మామూలుగానే ఉంటే, మీ కంప్యూటర్‌కూ సర్వర్‌కూ మొదటి మూడు అంకెలు ఒకటేనా అని పోల్చాలి. ఒకటి కాకపోతే ఇంట్లో రెండు నెట్‌వర్క్‌లు ఉన్నాయన్నమాట, మన ఇళ్లలో ఇది నేను చాలాసార్లు చూసిన తప్పు.

ఫైబర్ కనెక్షన్ ఇచ్చినవారు పెట్టి వెళ్లిన పెట్టె దానంతట అదే ఒక రౌటర్. లోపలి గదుల్లో వై-ఫై సరిగా అందక మనం ఇంకో రౌటర్ కొని, దాని వాన్ పోర్ట్‌కు (ఇంటర్నెట్ వచ్చే పోర్ట్) మొదటి పెట్టె నుంచి కేబుల్ తగిలిస్తాం. ఇంటర్నెట్ చక్కగా వస్తుంది కనుక అంతా సవ్యంగా ఉందనిపిస్తుంది. కానీ రెండో రౌటర్ తన వెనుక వేరే నెట్‌వర్క్‌ను సృష్టించింది. సర్వర్ రెండో రౌటర్ కింద, మీ ల్యాప్‌టాప్ మొదటి రౌటర్ వై-ఫైలో ఉంటే, ఒకే కప్పు కింద ఉన్నా ల్యాప్‌టాప్ సర్వర్‌ను చేరలేదు. సర్వర్ మొదటి రౌటర్ కింద, ల్యాప్‌టాప్ రెండోదాని కింద ఉంటే చిరునామాతో తెరుచుకుంటుంది గానీ పేరు మాత్రం కనిపించదు, ఎందుకంటే చాటింపు రౌటర్ గడప దాటదు. దీనికి సరైన మందు రెండో రౌటర్‌ను యాక్సెస్ పాయింట్ మోడ్‌లోకి, అంటే వేరే నెట్‌వర్క్ సృష్టించకుండా వై-ఫై మాత్రమే ఇచ్చేలా, మార్చడం. ఆ మోడ్ లేని పాత రౌటర్ అయితే, అందులో డీహెచ్‌సీపీని ఆపేసి, దాని చిరునామాను మొదటి రౌటర్ వరుసలోనే వేరే ఎవరూ వాడని అంకెకు మార్చి, కేబుల్‌ను వాన్ పోర్ట్ నుంచి తీసి లాన్ పోర్ట్‌కు (ఇంటి పరికరాలను తగిలించే పోర్ట్) పెట్టాలి.

చుట్టాలకు ఇచ్చే గెస్ట్ వై-ఫైలో ఉన్న ఫోన్, ల్యాప్‌టాప్‌లకు కూడా సర్వర్ కనిపించదు. ఇంట్లోని మిగతా పరికరాల నుంచి వాటిని వేరుగా ఉంచడానికే ఆ గెస్ట్ వై-ఫై ఉన్నది. ఆఫీసు ల్యాప్‌టాప్‌లో కంపెనీ వీపీఎన్ (ఇంటర్నెట్ మీదుగా ఆఫీసు నెట్‌వర్క్‌కు వేసే రహస్య దారి) నడుస్తుంటే అది ఇంటి నెట్‌వర్క్‌కు దారి మూసేయవచ్చు కనుక, పరీక్షించే ముందు దాన్ని ఆపి చూడాలి.

పింగ్‌కు జవాబు వస్తుంది, ఫోల్డర్ మాత్రం తెరుచుకోదు

ఇక్కడికి వచ్చామంటే వైరు, చిరునామా బాగున్నట్టే, తప్పు మూడో మజిలీలో, ఫైళ్లను అందించే ప్రోగ్రామ్ దగ్గర, ఉంది. విండోస్, మ్యాక్, లినక్స్ మూడూ ఇంటి సర్వర్‌తో మాట్లాడే భాష ఎస్ఎంబీ, దాని తలుపు 445వ పోర్ట్. పవర్‌షెల్‌లో టెస్ట్-నెట్‌కనెక్షన్ అనే కమాండ్‌కు సర్వర్ చిరునామా, 445 ఇచ్చి చూస్తే ఆ తలుపు తెరిచి ఉందో లేదో తెలుస్తుంది. మూసి ఉంటే సర్వర్‌లో సాంబా నడుస్తోందా, ఫైర్‌వాల్ అడ్డుపడుతోందా అని చూడాలి.

తలుపు తెరిచి ఉన్నా లోపలికి రానివ్వకపోతే, సర్వర్ వయసు చూడాలి. పదేళ్ల కిందటి నాస్ పెట్టెలు కొన్ని ఎస్ఎంబీ మొదటి వెర్షన్ మాత్రమే మాట్లాడతాయి. 2017 మేలో ప్రపంచమంతటా కంప్యూటర్లలోని ఫైళ్లకు తాళం వేసిన వన్నాక్రై అనే దుష్ట ప్రోగ్రామ్ ఆ వెర్షన్‌లోని లోపం ద్వారానే వ్యాపించింది. అదే ఏడాది వచ్చిన విండోస్ 10 1709 నుంచి ఎస్ఎంబీ మొదటి వెర్షన్‌ను విండోస్‌లోంచి తొలగించడం మొదలైంది. దాన్ని విండోస్‌లో మళ్లీ ఆన్ చేసుకొమ్మనే సలహా చాలాచోట్ల కనిపిస్తుంది, దయచేసి పాటించవద్దు. నాస్ సాఫ్ట్‌వేర్‌ను అప్‌డేట్ చేసి, దాని సెట్టింగ్‌లలో కనీస వెర్షన్‌ను ఎస్ఎంబీ 2గా పెట్టాలి. అప్‌డేట్ రాని పెట్టె అయితే డేటా బయటకు తీసుకుని దాన్ని విరమింపజేయడమే మంచిది.

పాస్‌వర్డ్ లేకుండా అతిథిగా తెరుచుకునే షేర్లు పెట్టుకున్నవారికి విండోస్ 11 24హెచ్2తో మరో చిక్కు వచ్చింది. ఆ వెర్షన్ నుంచి ప్రో ఎడిషన్‌లో అతిథి ప్రవేశం అడ్డుకోబడుతుంది, మీ సంస్థ భద్రతా విధానాలు ఒప్పుకోవడం లేదనే అర్థంలో ఒక సందేశం వస్తుంది. ఇంట్లో వాడే కంప్యూటర్‌కు సంస్థ ఏమిటని కంగారు పడనక్కరలేదు. సర్వర్‌లో ఇంట్లో ఒక్కొక్కరికీ ఒక యూజర్, ఒక పాస్‌వర్డ్ తయారు చేసి వాటితో లాగిన్ అయితే చాలు.

పాస్‌వర్డ్ సరిగానే ఇస్తున్నా ఒప్పుకోకపోతే రెండు సంగతులు చూడాలి. మీ విండోస్‌ను తెరిచే నాలుగంకెల పిన్ ఆ కంప్యూటర్‌కే పరిమితం. సర్వర్ అడిగేది సర్వర్‌లో పెట్టిన యూజర్ పాస్‌వర్డ్. రెండోది, ఒకే సర్వర్‌కు ఒకే సమయంలో ఇద్దరు యూజర్ల పేర్లతో కనెక్ట్ కావడాన్ని విండోస్ ఒప్పుకోదు. మీ పేరుతో ఒక ఫోల్డర్ తెరిచి ఉండగా నాన్నగారి పేరుతో మరో ఫోల్డర్ తెరవబోతే తిరస్కరిస్తుంది. విండోస్ పాస్‌వర్డ్‌లు దాచే క్రెడెన్షియల్ మేనేజర్‌లో ఆ సర్వర్‌కు దాచిన పాత పాస్‌వర్డ్‌ను తీసేసి, నెట్ యూజ్ కమాండ్‌తో పాత కనెక్షన్‌లను తెంచి, మళ్లీ లాగిన్ కావాలి.

వేగం అంకెను చదవడం

ఫైళ్లు వెళ్తున్నాయి గానీ నత్తనడక నడుస్తున్నాయంటే, కాపీ కిటికీలో కనిపించే అంకెను ముందు రాసుకోండి. నెట్‌వర్క్ వేగాన్ని మెగాబిట్లలో చెబుతారు, కాపీ కిటికీ మెగాబైట్లలో చూపుతుంది, ఎనిమిది బిట్లు ఒక బైట్. గిగాబిట్ నెట్‌వర్క్‌లో పెద్ద ఫైలు సెకనుకు సుమారు 110 మెగాబైట్ల వేగంతో వెళ్లాలి. 100 మెగాబిట్ నెట్‌వర్క్‌లో అది 11 లేదా 12 దగ్గర గీత గీసినట్టు ఆగుతుంది. మీకు ఎప్పుడూ 11 కనిపిస్తుంటే డిస్క్‌ను, సాంబాను, విండోస్‌ను అనుమానించవద్దు. దారిలో ఎక్కడో ఒక లంకె 100 మెగాబిట్‌కు పడిపోయింది.

ఎందుకు పడిపోతుందో తెలిస్తే వెతకడం తేలిక. లాన్ కేబుల్‌లో ఎనిమిది తీగలు నాలుగు జతలుగా ఉంటాయి. 100 మెగాబిట్‌కు రెండు జతలు చాలు, గిగాబిట్‌కు నాలుగు జతలూ కావాలి. 100కు అక్కరలేని మిగతా రెండు జతల్లో ఒక్క తీగ సరిగా తగలకపోయినా రెండు వైపులా ఉన్న పరికరాలు తమలో తాము ఒప్పందం చేసుకుని 100కు దిగిపోతాయి. ఏ హెచ్చరికా రాదు, ఇంటర్నెట్ కూడా మామూలుగానే నడుస్తుంది. మా ఇంట్లో హాలు నుంచి పడకగదికి గోడలో వేయించిన కేబుల్‌తో నేను నెలల తరబడి ఈ 11ను భరించి, సర్వరే పాతదని అనుకుని డిస్క్ మార్చాను, ర్యామ్ పెంచాను. చివరికి తప్పు గోడ సాకెట్ వెనుక కనెక్టర్‌లో బయటపడింది: గోధుమ రంగు జతలో ఒక తీగ లోపలికి పూర్తిగా దిగలేదు. దాన్ని కత్తిరించి మళ్లీ క్రింప్ చేయిస్తే (కనెక్టర్‌ను తీగలకు బిగింపజేస్తే) నిమిషాల్లో 110 వచ్చింది. ఆ అనవసరపు ఖర్చును తలచుకున్నప్పుడల్లా, కొలవకుండా కొనకూడదని నాకు గుర్తుకొస్తుంది.

విండోస్‌లో నెట్‌వర్క్ అడాప్టర్ స్టేటస్‌లోనూ, లినక్స్‌లో ఎథ్‌టూల్ కమాండ్‌తోనూ లంకె వేగం కనిపిస్తుంది. సర్వర్ వైపు, కంప్యూటర్ వైపు రెండూ చూడాలి. రెండింటిలోనూ 1000 ఉన్నా 11 దాటకపోతే మధ్యలో పాత స్విచ్ ఉందేమో, ఫైబర్ పెట్టెలో మీరు వాడుతున్న పోర్ట్ 100దేమో చూడండి. కొన్ని పెట్టెల్లో ఒక పోర్ట్ మాత్రమే గిగాబిట్‌ది, మిగతావి కావు.

వై-ఫైకి ఇంత ఖచ్చితమైన అంకె చెప్పలేము. ల్యాప్‌టాప్ 866 మెగాబిట్ అని చూపినా, గాలి అందరూ వంతులవారీగా వాడుకోవలసిన దారి కనుక, నిజంగా అందేది అందులో సగం చుట్టూ ఉంటుంది. ల్యాప్‌టాప్ నెమ్మదిగా ఉండే 2.4 గిగాహెర్ట్జ్ వై-ఫైకి అంటుకుని ఉంటే ఇంకా తగ్గుతుంది. వందల జీబీల కాపీని వై-ఫై మీద పెట్టుకోవద్దు, ఒక్క రాత్రికి కేబుల్ లాగితే పని తీరిపోతుంది.

తప్పు నెట్‌వర్క్‌లో ఉందా, డిస్క్‌లో ఉందా అన్న సందేహాన్ని ఐపెర్ఫ్3 అనే ఉచిత ప్రోగ్రామ్ తీరుస్తుంది. దాన్ని సర్వర్‌లో ఒకవైపు, కంప్యూటర్‌లో ఒకవైపు నడిపితే, డిస్క్ ప్రమేయం లేకుండా వట్టి నెట్‌వర్క్‌నే కొలుస్తుంది. గిగాబిట్ లంకె బాగుంటే 940 మెగాబిట్లకు దగ్గరగా చూపుతుంది. అక్కడ 940 వచ్చి, ఫైల్ కాపీలో 30 మెగాబైట్లే వస్తుంటే, నెట్‌వర్క్‌ను ఇక వదిలేసి డిస్క్ వైపు వెళ్లాలి.

డిస్క్ వైపు నెమ్మదికి కారణాలు పలురకాలు. సర్వర్‌కు యూఎస్‌బీ 2 పోర్ట్‌లో డిస్క్ తగిలించి ఉంటే 35-40 మెగాబైట్లే దాని హద్దు. సాధారణంగా నీలం రంగులో ఉండే యూఎస్‌బీ 3 పోర్ట్‌కు మారిస్తే చాలు. ఫోన్ నుంచి దింపిన పది వేల ఫొటోలు ఒక పెద్ద వీడియో కంటే చాలా నెమ్మదిగా వెళ్లడం లోపం కాదు, ప్రతి ఫైలుకూ తెరవడం, రాయడం, మూయడం అనే తతంగం విడిగా జరగాలి. వాటిని ఒక జిప్ ఫైలుగా కట్టి పంపితే తేడా కనిపిస్తుంది. కాపీ మొదట 110తో పరుగెత్తి కొన్ని పదుల జీబీల తరువాత బాగా పడిపోతే, డిస్క్ ఎస్ఎంఆర్ రకమేమో చూడాలి. ఆ రకంలో ట్రాకులు పెంకుల్లా ఒకదాని మీద ఒకటి పరుచుకుని ఉంటాయి కనుక, ఒకచోట తిరగరాయాలంటే పక్కనున్నవాటినీ తిరగరాయాలి. ఒక్క ప్రతి దాచుకోవడానికి అవి పనికివస్తాయి గానీ రెయిడ్‌లో (పలు డిస్కులను ఒకటిగా కలిపే ఏర్పాటు) పెట్టుకోవద్దు.

సగంలో ఆగిపోయే కాపీలు

ఎప్పుడూ 4 జీబీ దగ్గరే ఆగిపోతే ఆ డిస్క్ ఫ్యాట్32 అనే పాత పద్ధతిలో ఫార్మాట్ అయి ఉంది, అంతకు మించిన ఒక్క ఫైలును అది పట్టుకోలేదు. చిన్న ఫైళ్లు వెళ్లి, పెద్దవి మొదలవగానే బిగుసుకుపోతే జంబో ఫ్రేమ్‌లు (మామూలు కంటే పెద్ద డేటా పొట్లాలు) అనుమానించదగినవి. ఎవరో వేగం కోసం సర్వర్‌లో ఎంటీయూను (పొట్లం గరిష్ఠ పరిమాణం, బైట్లలో) 9000కు మార్చి, కంప్యూటర్‌నో, స్విచ్‌నో 1500లోనే వదిలేస్తే ఇలా జరుగుతుంది. ఇంటికి 1500 చాలు, అన్నిచోట్లా దానికే తిరిగి రావాలి.

ఏ వేళకు ఆగుతుందో చెప్పలేనట్టు ఉంటే కరెంటును చూడాలి. రాస్‌ప్‌బెర్రీ పై 4 అనే అరచేతి కంప్యూటర్‌తో చేసుకున్న సర్వర్లలో ఫోన్ చార్జర్ వాడితే, యూఎస్‌బీ డిస్క్ బరువైన పనిలో పడ్డప్పుడు వోల్టేజ్ తగ్గి డిస్క్ ఊడిపోయినట్టు అవుతుంది. దానికి 5.1 వోల్టుల, 3 ఆంపియర్ల అడాప్టర్ ఉండాలి, డిస్క్‌కు విడిగా కరెంటు ఇవ్వగలిగితే ఇంకా మేలు. కరెంటు తరచుగా పోయే చోట యూపీఎస్ లేకుండా సర్వర్ నడపడం నాకు సమ్మతం కాదు. యూపీఎస్ నుంచి యూఎస్‌బీ కేబుల్ సర్వర్‌కు కలిపి, సర్వర్‌లో ఆ సెట్టింగ్ ఆన్ చేస్తే, బ్యాటరీ అయిపోయేలోపు సర్వర్ తనంతట తానే పద్ధతిగా ఆగిపోతుంది.

డిస్క్ ఆరోగ్యం స్మార్ట్ నివేదికలో, అంటే డిస్క్ తన గురించి తానే రాసుకునే లెక్కలో, ఉంటుంది. 5, 197 అంకెల వరుసల్లో విలువ సున్నా నుంచి పెరుగుతుంటే డిస్క్ ఉపరితలం పాడవుతోంది, మార్చాలి. 199వ వరుస పెరుగుతుంటే మాత్రం డిస్క్‌ను నిందించకండి, అది ఎక్కువగా డిస్క్‌ను కంప్యూటర్ బోర్డుకు కలిపే సాటా కేబుల్ తప్పును చూపుతుంది.

తెలుగు పేర్లున్న ఫైళ్లు

మనవాళ్లకు ప్రత్యేకంగా ఎదురయ్యే చిక్కు ఇది. వెయ్యి ఫైళ్లలో నాలుగైదు మాత్రం పేరు చాలా పొడవుగా ఉందని మొండికేస్తాయి. విండోస్ ఒక ఫైలు పేరులో 255 యూనికోడ్ సంకేతాల దాకా ఒప్పుకుంటుంది, లినక్స్ సర్వర్లలో వాడే ఎక్స్‌ట్4, బీటీఆర్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్ పద్ధతులు మాత్రం 255 బైట్లు లెక్కపెడతాయి. యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు సంకేతానికి 3 బైట్లు పడతాయి, అందులో గుణింతపు గుర్తు, పొల్లు కూడా విడి సంకేతాలే. బ్రహ్మోత్సవాలు అన్న మాట కంటికి ఐదు అక్షరాలు. లోపల 14 సంకేతాలు, అంటే 42 బైట్లు. అలాంటి మాటలు ఆరు, మధ్యలో ఖాళీలతో కలిపితే 257 బైట్లై హద్దు దాటుతుంది. సైనాలజీ కంపెనీ నాస్‌లో ఎన్‌క్రిప్ట్ చేసిన షేర్డ్ ఫోల్డర్‌లో హద్దు 143 బైట్లే కనుక నాలుగు మాటలకే నిండిపోతుంది. తెలుగు పేర్లు మానుకోమని నేను అనను. తేదీని ముందు అంకెల్లో పెట్టి, రెండు మూడు మాటల్లో పేరు ముగించి, మిగతా వివరం ఫోల్డర్ పేరులో ఉంచితే ఇబ్బంది రాదు.

ఒకే పేరుతో రెండు ఫైళ్లు పక్కపక్కనే కనిపిస్తే, అవి కంటికే ఒకటి. పాత మ్యాక్‌ల హెచ్‌ఎఫ్‌ఎస్ ప్లస్ పద్ధతి ఐత్వాన్ని రెండు సంకేతాలుగా విడదీసి దాస్తుంది, విండోస్ ఒకే సంకేతంగా దాస్తుంది. అందుకే మ్యాక్ నుంచి ఆర్‌సింక్ అనే కాపీ ప్రోగ్రామ్‌తో పంపిన హైదరాబాద్ ఫోల్డర్, విండోస్ నుంచి పంపిన హైదరాబాద్ ఫోల్డర్ సర్వర్‌లో రెండుగా తేలవచ్చు. ఆర్‌సింక్‌లోని ఐకాన్వ్ ఆప్షన్‌తో పేర్లను ఒకే రూపంలోకి మార్చి పంపితే ఇది ఆగుతుంది. పొల్లు తరువాత వత్తు పడకుండా టైప్ చేసేటప్పుడు చేరే కంటికి కనిపించని జోడణి నిరోధక సంకేతం కూడా ఇలాగే జంట ఫైళ్లను పుట్టిస్తుంది.

ఊరి బయటి నుంచి తెరవాలంటే

అమెరికాలో ఉన్న అక్కయ్యకు ఇంటి ఫొటోలు చూపించడానికి రౌటర్‌లో 445 పోర్ట్‌ను బయటికి తెరవవద్దు. 2022లో డెడ్‌బోల్ట్ అనే దుష్ట ప్రోగ్రామ్ ఇంటర్నెట్‌కు నేరుగా కనిపిస్తున్న క్యూనాప్ కంపెనీ నాస్ పెట్టెల్లోని ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగింది. పైగా రౌటర్ వాన్ చిరునామా 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే మీరు అనేక ఇళ్లు పంచుకునే చిరునామా వెనుక ఉన్నారు, పోర్ట్ తెరిచినా బయటివారు చేరలేరు. టెయిల్‌స్కేల్ వంటి వీపీఎన్ ఈ రెండు చిక్కులనూ తప్పిస్తుంది.

కాపీ అయిందని నమ్మే ముందు

పెద్ద కాపీలకు మౌసుతో లాగి వదలడం మాని, విండోస్‌లో రోబోకాపీ, మిగతావాటిలో ఆర్‌సింక్ వాడాలి. మధ్యలో తెగినా అదే కమాండ్ మళ్లీ ఇస్తే వెళ్లిపోయిన ఫైళ్లను వదిలి మిగిలినవే పంపుతాయి, వెళ్లనివాటి పట్టిక కూడా ఇస్తాయి. ముగిశాక రెండు వైపులా ఫోల్డర్ మీద ప్రాపర్టీస్ తెరిచి ఫైళ్ల సంఖ్య, మొత్తం బైట్లు పోల్చాలి. తిరిగి తీయలేని పెళ్లి, పుట్టినరోజు వీడియోలకైతే ఆర్‌సింక్‌ను చెక్‌సమ్ ఆప్షన్‌తో (ఫైలు లోపలి డేటానే పోల్చేది) ఇంకోసారి నడిపి, ఒక్క ఫైలు కూడా తేడా చూపలేదని తేలేవరకు కెమెరా కార్డును ఫార్మాట్ చేయకుండా పక్కన పెట్టి ఉంచాలి.